ఒక్కో వ్యాకరణానికి ఒక్కో గది

పోయిన నెల కోదాడలో మేడం సంతాపసభ జరిగింది. వేదిక మీది పెద్దలందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు, మృదుభాషి అన్నారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, ఆమె ఏనాడూ గొంతు పెంచి ఎరగరన్నాడు. ఆయన ఆమె క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదని దాంతో తేలిపోయింది. కూర్చున్నవాళ్లంతా వెనక వరసల్లో తలలు వంచుకుని ఉన్నారు. చూసినవాళ్లు దుఃఖమనుకున్నారు.

నన్నూ రెండు మాటలు మాట్లాడమన్నారు. "మేడం మా ఆఫీసులో ఒక షెల్ స్క్రిప్టు రాశారు" అని మొదలుపెట్టాను. ముందు వరసలో ఆమె చెల్లెలు పక్కావిడను "అంటే ఏంటి?" అని అడగడం నాకు వినిపించింది. పక్కావిడ కాసేపు ఆలోచించి "ఏదో పెద్ద అవార్డే అయ్యుంటది" అంది. ఇక దాన్ని చెడగొట్టడం ఇష్టంలేక "చాలా గొప్ప స్క్రిప్టు" అని చెప్పి దిగిపోయాను. నేనిచ్చిన ఉపన్యాసాల్లో అదే ఉత్తమమని మా కంపెనీ యజమాని, మా సార్, తర్వాత మెచ్చుకున్నాడు. పొట్టిగా ఉండడమే కారణమట. అక్కడ మింగేసింది ఇక్కడ రాస్తున్నాను.

మాది సూర్యాపేట మార్కెట్ దగ్గర, ఎరువుల దుకాణం పైన ఉన్న కంపెనీ. కంపెనీ అనేది బోర్డు మీది మాట. చూడడానికి నాలుగు టేబుళ్లు, ఒక బీరువా, కింది నుంచి మెట్లెక్కి వచ్చే పురుగుమందుల వాసన. రైసు మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. వడ్ల ట్రాక్టర్ కాంటా ఎక్కితే బరువు లెక్కగట్టి చిట్టీ కొట్టే పని మాది.

మా సార్ కోదాడ పక్కన ఇంజనీరింగ్ కాలేజీలో మేడం దగ్గర కంపైలర్లు అనే సబ్జెక్టు చదువుకున్నాడు. చదువుకున్నానన్నది ఆయన మాట. మేడం మాత్రం "క్లాసుకు వచ్చేవాడు" అనేవారు. కాలేజీలో పిల్లలు తగ్గి ఆమె ఖాళీగా ఉన్నప్పుడు సారే వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడే గాని, ఆమె ఆఫీసు గుమ్మంలోకి వస్తే చివరిదాకా లేచి నిలబడుతూనే ఉన్నాడు. జీతమిచ్చే మనిషి లేచి నిలబడే ఉద్యోగం మా జిల్లాలో ఇంకెవరికీ ఉండి ఉండదు.

రోజూ కోదాడ బస్సులో వచ్చేవారు. హ్యాండ్‌బ్యాగులో చాక్‌పీసు ముక్క ఎప్పుడూ ఉండేది. ఏదైనా చెప్పాల్సి వస్తే లేచి మా ఇనప బీరువా మీద గీసేవారు. ఆ బీరువా ఎదురుగా నిలబడి మేం నేర్చుకున్నంత, అందులో దాచుకున్నది లేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే పప్పు వేరు, కూర వేరు, పచ్చడి వేరు. పచ్చడి డబ్బా చెంచా కూరలోకి వెళ్లడం ఆమె దృష్టిలో నేరం. "కలుపుకునేది నోట్లో. డబ్బాలో కాదు" అనేవారు.

వినయం ఆమెకు పడేది కాదు. "మేడం, భలే రాశారు" అంటే "తెలుసు" అనేవారు. అంతే. పొగిడినవాడు తర్వాతి మాట వెతుక్కోవాల్సి వచ్చేది.

ఎర్రర్ వస్తే మాకు చెమట పట్టేది, ఆమెకు హుషారు వచ్చేది. కుర్చీ దగ్గరకు లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, స్క్రీన్‌తో "ఊఁ, చెప్పు నాయనా" అనేవారు. ఊరి నుంచి దిగిన పెద్దమ్మ కబుర్లు వింటున్నంత ఓపికగా పై నుంచి కింద దాకా చదివేవారు. మేం కింది వరస చూసి గాబరాపడి ఏదో ఒకటి నొక్కేసే జాతి.

"మొదటి ముక్కలోనే చెప్పిందిరా అది. మీరే దాన్ని మాట్లాడనివ్వలేదు."

కొత్తగా చేరినవాడెవడో ఒకరోజు "మేడం, పనిచేసింది!" అని ఎగిరాడు. "ఒకసారి పనిచేస్తే అది పని కాదు, పలకరింపు. మళ్లీ వస్తుందేమో చూడు" అన్నారు. మళ్లీ రాలేదు. వాడు ఇప్పుడు మా దగ్గర లేడు గాని, ఎక్కడున్నా ఒకసారికి ఎగరడని నా నమ్మకం.

ఇక అసలు సంగతి. వడ్ల బరువులో కోత పెట్టే తరుగు లెక్క మిల్లు మిల్లుకూ వేరు. ఒక సేటు తేమ చూసి తీస్తాడు, ఒక సేటు తాలు చూసి తీస్తాడు, ఇంకొకాయన పొద్దున లేచి ఎవరి ముఖం చూశాడన్నదాన్ని బట్టి తీస్తాడు. మూడో దానికి మేం సాఫ్ట్‌వేర్ రాయలేకపోయాం. మొదటి రెండింటికీ చీటికిమాటికి మమ్మల్ని పిలవకుండా, మిల్లు గుమస్తాలే తమ నియమాలు తాము రాసుకునేలా ఒక చిన్న భాష తయారు చేద్దామన్నది మేడం ఆలోచన. "తేమ పదిహేడు దాటితే తరుగు" అని గుమస్తా టైపు చేస్తే కంప్యూటర్‌కు అర్థం కావాలి.

ఇలాంటి భాష కంప్యూటర్‌కు నేర్పడానికి పాతకాలం నుంచీ రెండు పనిముట్లున్నాయి. లెక్సర్ జనరేటర్‌కు మన భాషలో మాటలేమిటో చెబితే, వాక్యాన్ని మాటలుగా విడగొట్టే ప్రోగ్రాం అదే రాసిపెడుతుంది. పార్సర్ జనరేటర్‌కు వ్యాకరణం ఇస్తే, ఆ మాటల్ని అర్థం చేసుకుని పని చేసే ప్రోగ్రాం అది రాసిపెడుతుంది. రెండూ మహా పనిమంతులు. ఒకటే జబ్బు. ఏ వ్యాకరణం ఇచ్చినా, రాసిందాన్ని ఉన్న ఫోల్డర్‌లోనే ఎప్పుడూ ఒకే పేరుతో పెడతాయి. వెంటనే పేరు మార్చి పక్కకు తీసుకోవాలి. లేకపోతే తర్వాత వచ్చేది దాని మీదే కూర్చుంటుంది. ఈ ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం తయారు చేయడాన్ని మేం బిల్డ్ అంటాం.

మాకు వ్యాకరణాలు రెండు. వడ్ల ట్రాక్టర్లు వచ్చే గేటుకు ఒకటి, బియ్యం లారీలు పోయే గేటుకు ఒకటి. వడ్ల బండి నిండుగా వచ్చి ఖాళీగా పోతుంది, కాబట్టి మొదటి బరువులోంచి రెండోది తీసెయ్యాలి. బియ్యం లారీ ఖాళీగా వచ్చి నిండుగా పోతుంది. అక్కడ తీసివేత తిరగబడుతుంది. ఆ తీసివేతలు కూడా ఆయా వ్యాకరణాల్లోనే ఉండేవి.

కోతల కాలంలో ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. "మీ మిషన్‌కు పిచ్చిలేసిందా, మా కాంటాకు లేసిందా? జల్ది రాండ్రి." సార్ కొత్త ల్యాప్‌టాప్ సంకన పెట్టుకున్నాడు. మేడం, నేను, ఆయన, ముగ్గురం ఆయన కారులో బయల్దేరాం.

మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి. హాలియా వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన చిట్టీ పట్టుకుని మమ్మల్నే ఆపాడు. బరువు ముందు మైనస్ గుర్తు.

"సూడుండ్రి సార్. నేను వడ్లు తెచ్చిన్నా, ఎత్కపోయిన్నా?"

లోపల పరిస్థితి అంత సరదాగా లేదు. కాంటా కేబిన్ ముందు సేటు, ఎదురుగా కాంటా ఆపరేటర్. పెద్ద వయసు మనిషి, ఆ మిల్లు కట్టిన నాటి నుంచీ ఆ కేబిన్‌లోనే ఉన్నాడు. చుట్టూ రైతులు, హమాలీలు.

"ఇన్నేండ్లల్ల లేని మైనస్ ఇయ్యాల ఎట్లొచ్చె? కాంటల ఏం కిరికిరి వెట్టినవ్?" అంటున్నాడు సేటు.

"సేటూ, కాంటా మీద నెంబర్ మంచిగనే పడ్తుంది. కాయితం మీదనే తేడా గొడ్తుంది."

"కాయితానికేం ఎరుక? కాంటా ఎవల చేతుల ఉన్నది? చాలుగని, తాళంచెవి ఆడ వెట్టి ఇంటికి పో. రేపు వేరేటోడు వస్తడు."

పెద్దాయన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పుతున్నాడు. ఏళ్ల తరబడి బిగిసిన ముడి రావడం లేదు. కాంటాలో కిరికిరి పెట్టాడన్న మాట ఇన్ని ట్రాక్టర్ల వాళ్లు విన్నాక, సాయంత్రానికి హాలియా దాకా పోతుంది. ఆ పేరు పడ్డ మనిషిని ఇంకే మిల్లు గేటూ లోపలికి రానివ్వదు. అది అక్కడున్న అందరికీ తెలుసు, విప్పుతున్న ఆయనకు మరీ తెలుసు.

మేడం సార్‌ను పక్కకు పిలిచారు.

"మొన్న నేను సెలవులో ఉన్నప్పుడు బిల్డ్ చేసి, ఈ పొద్దున ఇక్కడికి పంపింది నువ్వేగా? ఈ కొత్త ల్యాప్‌టాప్ మీద?"

"అవ్ మేడం. శానా ఫాస్టుగ ఐంది. అన్నీ ఒక్కసారే చెయ్యమని కొట్టిన."

"ఎర్రర్ వచ్చిందా?"

"ఒక్కసారి వచ్చింది. మళ్ల కొడితే పోయింది."

మేడం కళ్లు మూసుకున్నారు. బీరువా అందుబాటులో లేదు గాని, నాకు ఆ బొమ్మ గాల్లోనే కనిపించింది. పాత కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటి చేసేది, అందుకే ఇన్నాళ్లూ గొడవ లేదు. కొత్తది రెండు వ్యాకరణాలనూ ఒకేసారి తిప్పింది. వడ్ల ఫైలు మీద బియ్యం ఫైలు అదే పేరుతో వచ్చి కూర్చుంది. దాన్నే వడ్ల పేరు పెట్టి తీసుకుపోయింది కంప్యూటర్. బియ్యం వంతు వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు, ఎర్రర్ ఇచ్చింది. సార్ మళ్లీ నొక్కాడు. ఈసారి మిగిలింది బియ్యం ఒక్కటే కాబట్టి హాయిగా పూర్తయింది. రెండోసారి రాని ఎర్రర్ అసలు ఎర్రరే కాదన్నది మా సార్ సిద్ధాంతం. బోరు మోటారు స్టార్టర్ల దగ్గర ఈ సిద్ధాంతం బాగానే నడుస్తుంది, మా వైపు పంటలన్నీ దాని మీదే పండుతున్నాయి. ఇక్కడ మాత్రం వడ్ల గేటు బియ్యం లెక్క నేర్చుకుని కూర్చుంది.

సార్‌కు అర్థమయింది. గొంతు తగ్గించాడు. "మేడం, ఇప్పుడు మనం నోరు తెరిస్తే ఈ మిల్లు పోతది. ఇది పోతే ఈ రోడ్డు మీది మిల్లులన్నీ పోతయి. సప్పుడు చెయ్యక మైనస్ తీసేసి ప్రింట్ కొట్టిద్దాం, కాంటా సాఫ్ చేసినమని చెప్దాం. పెద్దాయనను నేనే ఇంకో కాడ పెట్టిస్త, ఒట్టు."

సార్ చెడ్డవాడు కాదు. మా అందరి ఉద్యోగాలూ ఆ మాటలో ఉన్నాయి. నాదీ ఉంది. అందుకే నేను ట్రాక్టర్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

"మైనస్ తీసేస్తే వడ్ల బరువు సరిపోతుంది," అన్నారు మేడం. "ఆయన పేరు నిలబడుతుందా?"

జవాబు కోసం ఆగలేదు. నేరుగా సేటు ముందుకు నడిచారు. మృదుభాషి అన్న పెద్దలు ఆ గొంతు వినాల్సింది.

"సేటు గారూ! కాంటాలో తప్పు లేదు. ఆయనలో తప్పు లేదు. తప్పు మాది."

హమాలీలు పని ఆపేశారు. సేటు ఆమెను ఎగాదిగా చూశాడు. "మీదా? ఏం తప్పు?"

"మీ మిల్లులో ఒక మిషన్ బియ్యం పోస్తుంది, ఇంకోటి నూక పోస్తుంది. రెండింటి మూతికీ ఒకే బస్తా కడితే ఏమవుతుంది?"

"ఎవడన్న కడ్తడా అట్ల?"

"మేం కట్టాం."

సేటు మా సార్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, పెద్ద సదువులు సదివినమంటిరి?"

"క్లాసుకు వచ్చేవాడు," అన్నారు మేడం.

రైతుల్లో ఎవరో నవ్వారు. సేటు నవ్వలేదు. "అయితే మీ మిషన్ నాకొద్దు. చేత్తోటి రాసుకుంటం. ఎనకట నుంచి రాసుకోలేదా?"

"రాసుకోండి. మీ ఇష్టం. ముందు ఆ తాళంచెవి ఆయన దగ్గరే ఉండనివ్వండి. కాంటా మీద పడే రెండు నెంబర్లూ చేత్తో రాయిస్తే బండ్లు ఆగవు. నాకు ఒక టేబుల్, ఒక ప్లగ్గు చాలు. పొద్దుగూకేలోపు మీ ముందే చూపిస్తాను. అప్పుడూ వద్దనిపిస్తే తీసి అవతల పారేయండి."

సేటు గుమస్తా టేబుల్ వైపు గడ్డం ఎగరేశాడు. మా వైపు దాన్ని ఒప్పుకోవడం అంటారు. పెద్దాయన ముడి విప్పడం ఆపేశాడు. మళ్లీ కట్టుకోలేదు కూడా. అలా పట్టుకునే కేబిన్‌లోకి పోయి నెంబర్లు చదవడం మొదలుపెట్టాడు.

గుమస్తా టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచారు. సార్ పక్కన చేరాడు. "మేడం, ఒకటైనంక ఒకటి చేస్తే అయిపోతది గదా. ఆ కమాండ్ నేనిగ జన్మల కొట్ట."

"నువ్వు కొట్టవు. నీ తర్వాతవాడు కొడతాడు. మనిషి జాగ్రత్త మీద నడిచే పని, ఆ మనిషికి జ్వరం వచ్చేదాకానే నడుస్తుంది. జరుగు."

రాసింది చిన్న స్క్రిప్టే, కంప్యూటర్ వరసగా చేయాల్సిన పనుల జాబితా. ఇకమీద జనరేటర్‌ను నేరుగా ఎవరూ పిలవకూడదు, స్క్రిప్టునే పిలవాలి. అది ఆ ఒక్క వ్యాకరణం కోసం ఒక తాత్కాలిక ఫోల్డర్ తెరుస్తుంది, గది అనుకోండి. జనరేటర్‌ను అందులోకి తోసి తలుపు వేస్తుంది. లోపల దానికి అలవాటైన పేరుతోనే రాసుకోనీ, ఎవరికి నష్టం? రాయడం అయ్యాక స్క్రిప్టు దానికి సరైన పేరు పెడుతుంది. ఫైలు లోపల కూడా పాత పేరు ఎక్కడెక్కడుందో వెతికి దిద్దుతుంది. అప్పుడు బయటికి తెస్తుంది. హెడర్ ఫైలు, అంటే మిగతా ఫైళ్లు చూసి నడుచుకునే పట్టిక, ఉంటే పాతదాంతో పోల్చి చూస్తుంది. అక్షరం కూడా తేడా లేకపోతే పాతదాన్ని అలాగే వదిలేస్తుంది, ఎందుకంటే దాన్ని కదిపితే దాని మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ మొదట్నుంచి తయారవుతాయి. చివర గది ఊడ్చి పోతుంది. జనరేటర్ మధ్యలో చతికిలపడినా సరే, ఊడ్వడం మాత్రం మానదు.

గుమస్తా వంగి చూసి "ఏం రాస్తున్రు మేడం?" అన్నాడు.

"తలుపులు."

అతను తల ఊపాడు. గుమస్తాలు ఆశ్చర్యపోరు.

"మారకపోతే ముట్టుకోవద్దు" అన్న మాట ఆ తర్వాత మా ఆఫీసు శాసనమైంది. సార్ ఒకసారి బోర్డుకు కొత్త రంగు వేయిస్తానంటే, "అక్షరాలు మారాయా? మరి పెయింటర్ ఎందుకు?" అన్నారు. ఆ స్క్రిప్టు మాత్రం ఇప్పటికీ మా ప్రతి బిల్డ్‌లో ముందు నడుస్తుంది. ఈ కాలం జనరేటర్లు ఏ పేరు చెబితే ఆ పేరుతోనే రాస్తున్నాయి, దాని అవసరం సగం తీరిపోయింది. ఆ సంగతి మొదట మాకు చెప్పింది ఆమే. "పూర్తిగా తీరిన రోజు తీసెయ్యండి. దండ మాత్రం వెయ్యకండి" అన్నారు. ఇంత మంది మిల్లర్లు, ఇన్ని వేల బండ్లు, ఎవరికీ అది ఉందని కూడా తెలియదు. నాకు తెలుసు. ఆ విషయంలో నాకు కొంచెం పొగరు ఉందని మా ఇంట్లో అంటారు. కొంచెం అన్నది వాళ్ల మర్యాద.

ఆ రోజు స్క్రిప్టు అయ్యాక మేడం ల్యాప్‌టాప్‌ను సార్ వైపు తిప్పారు. "అన్నీ ఒక్కసారే. మొన్న కొట్టినట్టే కొట్టు."

సార్ వేళ్లు ఆగిపోయాయి.

"కొట్టరా. ఆ రోజు లేని భయం ఈరోజెందుకు?"

కొట్టాడు. ఎర్రర్ రాలేదు. "మళ్లీ" అన్నారు. పాతవి తుడిచేసి మళ్లీ కొట్టాడు. రాలేదు. "మళ్లీ." ఆ "మళ్లీ" ఎన్నిసార్లు అన్నారో సార్ ఇప్పటికీ ఎక్కువ చేసి చెబుతాడు.

హాలియా రైతు ట్రాక్టర్‌తోనే పరీక్ష. ఆయన ఖాళీ చేసిన బండితో మళ్లీ కాంటా ఎక్కాడు. చిట్టీ వచ్చింది. సేటు దాన్ని తీసుకుని, చేత్తో రాసిన నెంబర్ల పక్కన పెట్టి, వేలితో గీత గీస్తూ చూసుకున్నాడు. సరిపోయింది. మిర్యాలగూడ రోడ్డు మీద సేటు ఒకరు క్షమాపణ చెప్పినట్టు ఎక్కడా నమోదు కాలేదు. ఈ సేటు కూడా చెప్పలేదు. లోపలికి పోయి, తన కోసం వచ్చిన చాయ్ గ్లాసు తానే మోసుకొచ్చి కాంటా కేబిన్ కిటికీలో పెట్టాడు.

పెద్దాయన గ్లాసు ముట్టలేదు. బయటికొచ్చాడు.

"కాయితం మంచిగైంది సేటూ. నా కాంటా మంచిగున్నదా లేదా ఎవలు సూడలే. ఇంతమంది ఇన్నరు. ఇంతమంది సూడాలె." మేడం వైపు తిరిగాడు. "అమ్మా, ఏమనుకోకుండ్రి. జర మీరు కాంటా ఎక్కుండ్రి."

"లారీ కాంటా మీద మనిషేందయ్యా?" అన్నాడు సేటు. "పది కిలోల లోపు దానికి లెక్కే ఉండదు."

"పదుల్లనే సూపియ్యనీ."

మేడం హ్యాండ్‌బ్యాగ్ నా చేతికిచ్చారు. చెప్పులు విడిచి, లారీలు ఎక్కే ఆ ఇనప పలక మీదకు నడిచి, సరిగ్గా మధ్యలో నిలబడ్డారు. చుట్టూ ట్రాక్టర్లు, మధ్యలో ఆమె.

"అరవై!" అని కేబిన్‌లోంచి కేక. "మీ బరువెంతమ్మా?"

మిర్యాలగూడలో అంతమంది మగవాళ్ల మధ్య ఒక ఆడమనిషిని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఆమె క్లాసు చెప్పే గొంతుతో, రోడ్డు మీది చివరి ట్రాక్టర్ దాకా వినపడేలా చెప్పారు.

"అరవై నాలుగు. సేటు గారూ, నాకు నాలుగు కిలోలు తరుగు తీసింది. అయినా నాకే ఫిర్యాదూ లేదు. ఇంత మర్యాద తెలిసిన కాంటాను, దాన్ని చూసుకునే మనిషిని పోగొట్టుకోకండి."

"మాకు తీసినప్పుడు గట్ల నవ్వు రాదమ్మా!" అని అరిచాడు హాలియా రైతు. గేటంతా నవ్వింది. సేటుకు కూడా తప్పలేదు.

పెద్దాయన నవ్వలేదు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు, ముడి గట్టిగా బిగించాడు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎవలిది తర్వాత బండి? రాండ్రి, రాండ్రి."